నేలలోని సూక్ష్మజీవులు – మన సాగు పద్ధతులు

గత పాఠంలో నేలలు ఎలా ఏర్పడతాయో, నల్లరేగడికీ ఎర్ర చెలకకూ తేడా ఏమిటో తెలుసుకున్నారు. నేలలో రాతిపొడి, నీరు, గాలి, సేంద్రియ పదార్థం ఉంటాయని చదివారు. అప్పుడు చెప్పకుండా ఉంచిన విషయం ఒకటుంది. నేలలో ప్రాణులు కూడా ఉంటాయి. వానపాము, చెదపురుగు మనకు కనిపిస్తాయి. కంటికి కనిపించనివి వీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సారవంతమైన పొలంలో ఒక గ్రాము మట్టి, అంటే చిటికెడు మట్టి తీసుకుంటే అందులో కోట్లకొద్దీ బాక్టీరియాలు ఉంటాయి. శిలీంధ్రాలు, శైవలాలు, ప్రోటోజోవాలు వీటికి అదనం.

తొలకరి జల్లు పడగానే వచ్చే మట్టివాసన మీకు తెలిసిందే. ఆ వాసనలో ప్రధాన భాగం ఈ జీవులదే. ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియాలు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాన చినుకులు తాకగానే గాలిలోకి లేస్తుంది. ఈ జాతి బాక్టీరియాలు మనుషుల వైద్యానికి కూడా పనికివచ్చాయి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే మందును అమెరికాలోని ఒక గడ్డి పొలం మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి తీశారు. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఇక మన పొలానికి వద్దాం. దుక్కి దున్నినా, గడ్డి తగలబెట్టినా, యూరియా చల్లినా, మడిలో నీరు నిలిపినా ఈ జీవులకు ఏదో ఒకటి జరుగుతుంది. ఏమి జరుగుతుందో, దాని ఫలితం పంట మీద ఎలా పడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. మీలో వ్యవసాయం చేసేవారు చాలామంది ఉంటారు. పొలంలో ఏమి జరుగుతుందో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఎందుకు జరుగుతుందో చెప్పడమే ఈ పాఠం పని.

వీటికి కావలసింది తిండి

నేలలోని సూక్ష్మజీవుల గురించి ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: ఇవి ఎక్కువ కాలం ఆకలితోనే ఉంటాయి. మట్టిలో కోట్లాదిగా ఉన్నా, వాటిలో చాలా భాగం ఏ సమయంలో చూసినా తిండి లేక నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. తిండి, తేమ దొరకగానే లేచి పనిచేస్తాయి, వృద్ధి చెందుతాయి. తిండి అయిపోగానే కొన్ని చనిపోతాయి, మిగిలినవి మళ్ళీ నిద్రలోకి జారుకుంటాయి.

వాటి తిండి ఏమిటి? చాలావాటికి కర్బనం ఉన్న పదార్థమే తిండి. రాలిన ఆకు, ఎండిన వేరు, పేడ, గడ్డి, చచ్చిన పురుగు – అన్నీ పనికివస్తాయి. బతికున్న మొక్క కూడా వాటికి తిండి పెడుతుంది. ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత భాగం వేళ్ళ నుంచి మట్టిలోకి ఊరుతుంది. అందుకే వేరు చుట్టూ అంటుకుని ఉన్న మట్టిలో సూక్ష్మజీవులు దూరపు మట్టిలో కంటే ఎక్కువగా ఉంటాయి.

తిన్నదానికి ప్రతిఫలం ఇస్తాయి. గడ్డిలో, పేడలో చిక్కుకుని ఉన్న నత్రజనిని, భాస్వరాన్ని, గంధకాన్ని మొక్క పీల్చుకోగల రూపంలోకి మారుస్తాయి. వాటి నుంచి వచ్చే జిగురు, శిలీంధ్రాల సన్నని పోగులు మట్టిరేణువులను పలుకులు పలుకులుగా కూర్చుతాయి. అలా పలుకు కట్టిన నేల వాన నీటిని లోపలికి ఇంకించుకుంటుంది. పలుకు కట్టని నేల పైన పెళ్ళగట్టి, నీటిని బయటికి తోసేస్తుంది. రెండు పొలాల్లో ఒకే వాన పడినా ఒక పొలం ముందు వాడిపోవడం మీరు చూసే ఉంటారు. దానికి ఇదీ ఒక కారణం.

గడ్డిని కాల్చడం – కలిపి దున్నడం

పంజాబు, హర్యానాలలో వరి కోసిన తరువాత గోధుమ వేస్తారు. కోత యంత్రం కంకులు కోసుకుని, కొయ్యకాళ్ళనూ గడ్డినీ పొలంలోనే వదిలేస్తుంది. గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే గడువు ఉంటుంది. భూగర్భ జలాన్ని కాపాడడానికి 2009లో వచ్చిన చట్టాల వల్ల వరి నాట్లు ఆలస్యంగా మొదలుపెట్టవలసి వచ్చి, ఈ గడువు ఇంకా తగ్గింది. ఎకరం ఎకరానికీ గడ్డి ఎత్తించాలంటే కూలీ ఖర్చు. అగ్గిపుల్లకు ఖర్చు లేదు. ఇప్పుడు కోత యంత్రాలు తిరిగే మన మాగాణుల్లో కూడా ఈ అలవాటు వచ్చింది.

నిప్పు వల్ల సూక్ష్మజీవులు చచ్చిపోతాయని అందరూ అంటారు. ఇది కొంతవరకే నిజం. మట్టి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. మంట వల్ల బాక్టీరియా, శిలీంధ్రాల సంఖ్య బాగా పడిపోయేది పై అంగుళం మట్టిలోనే. ఒక్కసారి కాల్చిన నేలలో కింద మిగిలినవి మళ్ళీ పైకి విస్తరిస్తాయి. అయితే ఏటా కాల్చే నేలలో అవి తిరిగి పూర్వపు సంఖ్యకు చేరలేవు. కారణం మంట కాదు, తిండి లేకపోవడం.

లెక్క చూద్దాం. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాషియం, 1.2 కిలోల గంధకం ఉంటాయి. కాల్చినప్పుడు కర్బనం దాదాపు అంతా, నత్రజనిలో చాలా భాగం పొగలో పోతాయి. పొటాషియం మాత్రం చాలావరకు బూడిదలోనే మిగులుతుంది. "కాలిస్తే బూడిద నేలకు బలం" అనే మాటలో ఉన్న నిజం అంతే. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకుంటే, వచ్చే ఏడాది సూక్ష్మజీవులు తినవలసిన 800 కిలోల కర్బనం గంటలో ఆవిరైపోయింది.

మరి కాల్చకుండా దున్నేస్తే సరిపోతుందా? ఇక్కడ రైతు చెప్పే అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. పచ్చిగా గడ్డి కలిపి దున్ని వెంటనే విత్తితే మొలక పసుపు పచ్చగా మారుతుంది. ఇది చాలామంది అనుభవం. దీనికీ లెక్క ఉంది.

బాక్టీరియా తిన్న కర్బనంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరి వదులుతుంది. ఒక వంతుతో తన శరీరాన్ని కట్టుకుంటుంది. కాబట్టి టన్ను గడ్డిలోని 400 కిలోల కర్బనంలో దాదాపు 133 కిలోలు వాటి శరీరంలో చేరతాయి. ఆ శరీరంలో ప్రతి ఎనిమిది కిలోల కర్బనానికి ఒక కిలో నత్రజని కావాలి. 133ను 8తో భాగిస్తే సుమారు 16.5 కిలోలు. గడ్డిలో ఉన్నది 5.5 కిలోలే. మిగిలిన 11 కిలోలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటాయి? నేలలో మొక్క కోసం ఉన్న నత్రజనిని లాక్కుంటాయి. మొక్క ఆ పోటీలో ఓడిపోతుంది. ఈ లాక్కోవడం ఒక్కరోజులో జరగదు, కొన్ని వారాలు సాగుతుంది. తరువాత తిండి తరిగి బాక్టీరియాలు చనిపోతున్నప్పుడు ఆ నత్రజని తిరిగి పంటకే వస్తుంది. అంటే అది పోలేదు, అప్పుగా వెళ్ళింది.

ఈ కారణం తెలిస్తే ఉపాయం దానంతట అదే తోస్తుంది. గడ్డి కలిపి దున్నిన తరువాత తేమ ఉండగా మూడు నాలుగు వారాలు ఆగి విత్తాలి. అంత వ్యవధి లేకపోతే దున్నేటప్పుడే కొంత యూరియా చల్లాలి. మూడవ దారి, గడ్డిని మట్టిలో కలపకుండా పైనే పరచి ఉంచడం. పైన ఉన్న గడ్డికి మట్టి తగిలేది తక్కువ, అందుచేత నెమ్మదిగా కుళ్ళుతుంది, నత్రజనిని ఒక్కసారిగా లాగదు. పంజాబులో వాడే హ్యాపీ సీడర్ యంత్రం ఈ పని చేస్తుంది. కొయ్యకాళ్ళ మధ్యలోనే గోధుమ విత్తి, గడ్డిని పైన కప్పుగా వదులుతుంది. యంత్రం ధర, దాన్ని లాగడానికి కావలసిన ట్రాక్టరు బలం చిన్న రైతుకు అందుబాటులో లేకపోవడం దీనిలోని ఇబ్బంది. ఊరికి నాలుగు యంత్రాలు అద్దెకు దొరకనిదే సలహాలు ఇచ్చి ప్రయోజనం లేదు.

పాఠంలోని ప్రశ్న: పచ్చిరొట్టగా వేసిన జనుము, జీలుగ, పిల్లిపెసర పూతకు రాగానే కలియదున్నితే మొలక పసుపుబారదు. ఎందుకని? (సూచన: ఇవి పప్పుజాతి మొక్కలు. లేత మొక్కలో కర్బనానికి నత్రజని ఏ నిష్పత్తిలో ఉంటుందో ఆలోచించండి.)

దుక్కి

తొలకరి దుక్కి తరువాత పైరు ముదురాకుపచ్చగా లేస్తుంది. దున్నినప్పుడు మట్టి పలుకులు పగిలి, వాటి లోపల దాగి ఉన్న సేంద్రియ పదార్థం బయటపడుతుంది, గాలి తగులుతుంది. బాక్టీరియాలకు విందు దొరుకుతుంది. అవి తింటూ విడిచిన నత్రజని పైరుకు అందుతుంది. ఇది లాభమే. అయితే ఇది గాదెలోని గింజలు తీసి తినడం లాంటిది. తీసినంత తిరిగి పోయకపోతే గాదె అడుగు కనిపిస్తుంది.

శిలీంధ్రాలకు దుక్కి ఇంకో రకంగా దెబ్బ. బాక్టీరియా ఒంటరి కణం, దాన్ని నాగలి ఏమీ చేయదు. శిలీంధ్రం పొడవైన దారం. మైకోరైజా అనే శిలీంధ్రాలు ఒక కొసను మొక్క వేరులో ఉంచి, మరో కొసను వేరు అందుకోలేని దూరానికి పంపి భాస్వరం తెచ్చిపెడతాయి. రోటవేటరుతో పదే పదే మట్టిని పిండి చేస్తే ఈ దారాలు తెగిపోతాయి. పొడవుగా సాగడానికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

దున్నకుండా సాగు చేయడం విదేశాల నుంచి వచ్చిన కొత్త విద్య అనుకోనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేల ఇంకా పదునుగా ఉండగానే నిలిచి ఉన్న చేలో మినుము, పెసర చల్లుతారు. వరి కోసేసరికి కొయ్యకాళ్ళ మధ్య మొలక ఉంటుంది. దుక్కి లేదు, నీటి తడి లేదు, నేల ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. దాని మీద పప్పుజాతి పైరు. ఇన్ని మంచి పనులు ఒకే పద్ధతిలో కూడడం అరుదు.

పటాన్‌చెరు నల్లరేగడిలో ఒక ప్రయోగం

నేల ఖాళీగా ఉండటం గురించి ఇప్పుడే అనుకున్నాం. దాని వెనుక ఎంత ఉందో చూపే ప్రయోగం మన దగ్గరే జరిగింది. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ 1976లో నల్లరేగడి భూమిలో రెండు పద్ధతులను పక్కపక్కన మొదలుపెట్టింది. ఒకటి పాత పద్ధతి. వానకాలంలో నల్లరేగడి బురద బురదగా ఉండి అడుగు పెట్టనివ్వదు కాబట్టి భూమిని బీడుగా ఉంచి, పశువుల ఎరువు వేసి, వానలు తగ్గాక మిగిలిన పదునులో జొన్న లేదా శనగ వేయడం. రెండవది, వెడల్పాటి బోదెలు, కాలువలు తీసి నీరు పోయే దారి చేసి, వానకాలంలోనే జొన్నలో కంది లాంటి పంటలు వేసి, మితంగా రసాయనిక ఎరువులు వాడడం.

ఇరవై నాలుగేళ్ళ తరువాత కొలిచారు. రెండవ పద్ధతిలో ధాన్యం దిగుబడి సగటున నాలుగైదు రెట్లు ఉంది. సూక్ష్మజీవుల మొత్తం బరువు కూడా చాలా ఎక్కువగా ఉంది. నేలలో సేంద్రియ కర్బనం హెక్టారుకు సుమారు ఏడు టన్నులు అదనంగా చేరింది.

పశువుల ఎరువు వేసిన భూమి కంటే రసాయనిక ఎరువు వేసిన భూమిలో ప్రాణం ఎక్కువగా ఉండటం మీకు వింతగా తోచవచ్చు. పాత పద్ధతిలో నాలుగు నెలల వానకాలమంతా నేల మీద ఒక్క వేరు లేదు. తేమ, వెచ్చదనం నిండుగా ఉన్నాయి, తిండి లేదు. ఉన్న సేంద్రియ పదార్థాన్నే సూక్ష్మజీవులు తిని ఊపిరిగా వదిలేశాయి. రెండవ పద్ధతిలో పైరు ఏపుగా పెరిగింది కాబట్టి వేళ్ళు పెరిగాయి, కంది ఆకు దండిగా రాలింది. ఎరువు సూక్ష్మజీవులకు నేరుగా తిండి పెట్టలేదు. పైరు ద్వారా పెట్టింది.

యూరియా విషమా?

ఈ ప్రశ్న సంపర్క తరగతుల్లో తప్పకుండా వస్తుంది. "కాదు" అన్నా తప్పే, "అవును" అన్నా తప్పే. పటాన్‌చెరులో చూశాం, ఎరువు పైరును పెంచి సూక్ష్మజీవులకు మేలు చేయగలదు. మరో వైపు చూద్దాం. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో దేశంలోని వేర్వేరు నేలల్లో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు ప్రారంభించింది. తరువాతి కాలంలో జగిత్యాల కూడా ఈ కేంద్రాల్లో చేరింది. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ లాంటి ఆమ్ల నేలల్లో, ఏళ్ళ తరబడి నత్రజని ఎరువు ఒక్కటే వేసిన మళ్ళలో మొక్కజొన్న, గోధుమ దిగుబడి పడిపోతూ చివరికి దాదాపు ఏమీ పండని స్థితి వచ్చింది. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటితో పాటు పశువుల ఎరువు వేసిన మళ్ళలో దిగుబడి నిలిచింది.

దీని వెనుక కూడా సూక్ష్మజీవులే ఉన్నాయి. యూరియాను మొక్క ఉన్నదున్నట్టు పెద్దగా తీసుకోదు. నేలలోని సూక్ష్మజీవుల ఎంజైము కొద్ది రోజుల్లో దాన్ని అమ్మోనియంగా మారుస్తుంది. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే బాక్టీరియాలు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండవ మెట్టులో ఆమ్లం పుడుతుంది. సున్నపు నేలలో అది పెద్ద నష్టం కాదు. ముందే పులిసిన ఎర్ర నేలలో ఏటా కొంత చేరి, చివరకు వేళ్ళకే హాని చేసే స్థాయికి వెళుతుంది. పైగా నైట్రేటు నీటితో కిందికి జారిపోతుంది. యూరియాకు వేపపిండి, వేపనూనె పట్టించే పద్ధతి ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. వేప ఈ బాక్టీరియాల పనిని నెమ్మదింపజేస్తుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు.

మీ దగ్గర నేల ఆరోగ్య పత్రం ఉంటే అందులో "సేంద్రియ కర్బనం" అన్న వరుస చూడండి. 0.5 శాతానికి తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. నత్రజని, భాస్వరం అంకెలు చూసి ఈ అంకెను వదిలేసేవారే ఎక్కువ. సూక్ష్మజీవుల గాదెలో ఎంత మిగిలిందో చెప్పే అంకె అదే.

నీరు నిలిచిన మడి

వరి మడిలో నీరు నిలిపిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ప్రాణవాయువు అయిపోతుంది. గాలితో పని లేని బాక్టీరియాలు రంగంలోకి దిగుతాయి. అవి ముందు నైట్రేటును, తరువాత ఇనుమును, గంధకాన్ని వాడుకుని, చివరకు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. మడిలో కాలు పెట్టినప్పుడు బుడబుడమని వచ్చే బుడగలలో ఉండేది చాలావరకు అదే. నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని ఈ సమయంలో వాయువుగా మారి పోతుంది. వరికి నైట్రేటు ఎరువులు వేయవద్దనేది అందుకే.

అదే నిలిచిన నీటిలో మేలు చేసేవీ ఉంటాయి. నీలి ఆకుపచ్చ శైవలాలు గాలిలోని నత్రజనిని పట్టి మడికి చేరుస్తాయని భారతీయ శాస్త్రజ్ఞుడు పి.కె. డే 1939లో చూపాడు. ఎరువు వేయని మడి కూడా తరతరాలుగా ఎంతో కొంత పండుతూ ఎలా వచ్చిందనే ప్రశ్నకు అది ఒక జవాబు.

పప్పుజాతి పైర్ల వేళ్ళలో

వేరుశనగ, కంది, మినుము, శనగ వేళ్ళకు ఉండే బుడిపెలను తెగులు అనుకుని పీకి పారేసిన అభ్యాసకుడు ఒకాయన నాకు తెలుసు. వాటిలో రైజోబియం జాతి బాక్టీరియాలు కాపురం ఉంటాయి. మొక్క చక్కెర ఇస్తుంది, అవి గాలిలోని నత్రజనిని మొక్కకు ఇస్తాయి. ఇక్కడ కూడా మన సాగు తేడా చేస్తుంది. యూరియా ఎక్కువ వేస్తే మొక్క బుడిపెలు పెట్టుకోదు. ఉచితంగా దొరుకుతున్నప్పుడు చక్కెర ఖర్చు పెట్టి ఎందుకు తెచ్చుకుంటుంది?

రైజోబియం కల్చరు పొట్లాలు కొనేవారు మూడు సంగతులు చూడాలి. వేరుశనగకు తయారుచేసినది శనగకు పనిచేయదు, కాబట్టి పంట పేరు చూసి కొనాలి. గడువు తేదీ చూడాలి, ఎందుకంటే మీరు కొంటున్నది పొడి కాదు, అందులోని బతికున్న జీవులను. ఎండలో పెట్టిన పొట్లంలో మిగిలేది పొడి మాత్రమే. చల్లార్చిన బెల్లం నీటితో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి. శిలీంధ్రనాశక మందుతో కలిపి ఒకేసారి పట్టించకూడదు. ఇదివరకే ఆ పంట ఏటా వేస్తున్న నేలలో తగిన బాక్టీరియాలు చాలినన్ని ఉండవచ్చు, అప్పుడు కల్చరు వల్ల పెద్ద తేడా కనిపించదు. ఇది తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. పూత దశలో ఒక మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా తవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తోంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు లేదా పనికిరానిది. ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయింది.

చేసి చూడండి

మీ ఊళ్ళో రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి, ఏటా గడ్డి కాల్చే పొలం. రెండవది, పశువుల ఎరువు వేసే మడి, అది లేకపోతే గట్టు మీది చెట్టు నీడ. పాత నూలు పంచెలోంచి రెండు సమానమైన ముక్కలు చించండి. టెర్రికాట్ పనికిరాదు, దాన్ని బాక్టీరియాలు తినలేవు. ఒక్కొక్క చోట ఒక ముక్కను బెత్తెడు లోతున పాతిపెట్టి, గుర్తుకు పుల్ల గుచ్చండి. రెండు చోట్లా నేల తడిగా ఉండాలి, లేకపోతే నీళ్ళు పోస్తూ ఉండండి. నలభై అయిదు రోజుల తరువాత తవ్వి తీసి, మట్టి దులిపి, పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ ఎక్కువ చిరిగింది, ఎక్కడ దారాలు మాత్రమే మిగిలాయి, ఎక్కడ దాదాపు పాతినట్టే ఉంది? రెండూ ఒకేలా ఉంటే తేమ సమానంగా ఉందో లేదో గుర్తు చేసుకుని, ఇంకో నెల ఆగి మళ్ళీ చూడండి. ఆ ముక్కలను పారేయకుండా, ఏ పొలంలో ఏ పంట తరువాత తీశారో కాగితం మీద రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.